ఒకటికి వెయ్యి

మొదటిసారి బాతు, నీళ్ళలా తెల్లగా ఉండిపోయింది. రెండోసారి లేత నీలంగా మారింది. మూడోసారి ఏ రంగు వస్తుందో దాన్నిబట్టి నా సిద్ధాంత వ్యాసంలో ఆఖరి అధ్యాయం ఉంటుందో ఊడుతుందో తేలాలి. ఆ మూడోసారి ఆ రోజే జరగాలి. ఎందుకంటే మర్నాటి నుంచి వైరస్ పని చేసే లోపలి గదిని శుభ్రం చేయడానికి మూసేస్తున్నారు.

బాతు అంటే నిజం బాతు కాదు. చచ్చి దొరికిన ఒక అడవి బాతు నుంచి తీసిన బర్డ్‌ఫ్లూ వైరస్. మాకు వచ్చిన నమూనాలకు పొడుగాటి అంకెల పేర్లు ఉన్నా, అవి ఎవరికీ నోరు తిరగవు కాబట్టి ఏ పిట్ట నుంచి వచ్చిందో ఆ పిట్ట పేరే వాడుకుంటాం. కోడి, కొంగ, బాతు. ఎప్పటి నుంచో మా దగ్గరున్న దాన్ని పాతది అంటాం.

ఈ వైరస్‌లను పట్టిచూసే మా యాంటీబాడీకి మొండి అని పేరు పెట్టుకున్నాం. వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకున్న ఒక ఎలుక కణాన్ని, చావు తెలియని కాన్సర్ కణంతో కలిపితే పుట్టిన సంతతి దాన్ని తయారుచేస్తుంది. అంతా ఒక్క కణం పిల్లలే కనక అన్నీ ఒకే యాంటీబాడీని చేస్తాయి. అది వైరస్ ఒంటిమీద ఒకే ఒక్క చోట పట్టుకుంటుంది. ఆ చోటు ఉందా, పట్టు వదలదు. ఆ చోటు మారిందా, కన్నెత్తి కూడా చూడదు. అందుకే మొండి. ప్లేటులోని చిన్న చిన్న గుంటలకు వైరస్ పూత పూసి మొండిని వేస్తే, పట్టుకున్న గుంటలు చివర్లో రంగు మందు పోసినప్పుడు నీలం అవుతాయి. పట్టుకోనివి తెల్లగా ఉండిపోతాయి. బాతు తెల్లగా ఉందంటే ఆ వైరస్ ఆ చోట ముఖం మార్చుకుందని అర్థం. ఆ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నా వ్యాసం మొత్తంలో కొత్త మాట అదొక్కటే.

అయితే మొండిని చేసే కణాలు ఇప్పుడు లేవు. వాటిని గడ్డకట్టించి దాచే ద్రవ నైట్రోజన్ ట్యాంకును సెలవులకు ముందే నింపి ఉంటారని ఒకరు, సెలవులయ్యాక నింపవచ్చులే అని ఇంకొకరు అనుకున్నారు. ఇద్దరి మధ్యా ట్యాంకు ఎండిపోయింది. తీసి పెంచితే కణాలు పెరిగాయి గానీ యాంటీబాడీ చేయడం మానేశాయి. "బతికే ఉన్నాయి కదమ్మా" అన్నాడు ట్యాంకు చూసే ఆయన. బతికుండి పని చేయనివాళ్ళు మా సంస్థలో కొత్తేం కాదు, చివరికి కణాలు కూడానా అనిపించింది. అవి బాగున్న రోజుల్లోనే మొండి జన్యువుల వరస చదివించి పెట్టుకుందామని మా గైడు మేడాన్ని ఎన్నోసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా "చూద్దాం" అనేవారు. చూస్తూ ఉండగానే అవి పోయాయి. ఇక మిగిలింది ఒక ట్యూబు అడుగున నాలుగు బొట్లు.

నాలుగు బొట్లు తక్కువేం కాదు. మొండిని ఒకటికి వెయ్యి పాళ్ళలో పలచన చేసి వాడతాం. అంటే ఒక పాలు మొండికి వెయ్యి పాళ్ళ బఫరు, అదే పలచన చేసే ఉప్పునీటి ద్రవం. ఆ లెక్కన నాలుగు బొట్లతో ప్లేటు నిండా పని జరిగిపోతుంది, ఇంకా మిగులుతుంది కూడా.

పని నేనే చేసుకుంటే ఈ కథే లేదు. లోపలి గదిలోకి వెళ్ళాలంటే మాస్కు ముఖానికి ఎక్కడా సందు లేకుండా పట్టాలి. ఏటా పరీక్ష పెడతారు. మాస్కు తొడిగి, తలమీద పెద్ద ముసుగు వేసి, అందులోకి చేదు మందు చిమ్ముతారు. నాలుకకు చేదు తెలిస్తే మాస్కు తప్పినట్టు. నాకు చక్కగా చేదు తెలిసింది. నా ముఖానికి చిన్న సైజు తెప్పిస్తామన్నారు. తెప్పిస్తూనే ఉన్నారు. అందాకా గాజు కిటికీకి ఇవతల నేను, అవతల సరేసరే గారు, మధ్యలో మాటలకు గరగరలాడే ఒక స్పీకరు పెట్టె.

సరేసరే గారు నాకంటే ముందు డాక్టరేటు తీసుకుని మా దగ్గరే పనిచేస్తున్న సీనియరు. చెయ్యి నెమ్మది, మనసు మంచిది. కానీ ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే "సరే సరే" అనేస్తారు. మిగతా సగం ఆయన చెవిదాకా వెళ్ళదు. అందుకే ఆ పేరు. మామూలుగా మొండిని నేనే బయట పలచన చేసి, వాడటానికి తయారుగా లోపలికి పంపిస్తాను. కానీ పలచన చేసింది ఎక్కువసేపు నిలవదు, పైగా ఉన్నదే అంత. అందుకని ఈసారి ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాననీ, లోపలే అప్పటికప్పుడు కలుపుకోవాలనీ ఆ పొద్దున ఆయనకు చెప్పాను.

"సరే సరే" అన్నారు.

మధ్యాహ్నానికి వైరస్ పూత, కడగడాలు అన్నీ సవ్యంగా అయ్యాయి. స్పీకరు పెట్టె గరగరమంది.

"కడిగేశా తల్లీ. ఇప్పుడు మొండి. ఎంత?"

"వెయ్యి."

"వేస్తాను, ఎంత అని అడుగుతున్నా."

"వెయ్యి సార్, వెయ్యి!"

"సరే సరే, అరవకు. వేస్తున్నా. మొత్తమా?"

ప్లేటులో మొత్తం అన్ని వరసలకీ అదే పాలా అని అడుగుతున్నారనుకున్నాను.

"మొత్తం, మొత్తం."

గాజులోంచి ఆయన వీపు మాత్రమే కనబడుతోంది. తెల్ల సూటులో ఆ వీపు శ్రద్ధగా వంగి ఉంది. కాసేపటికి తల ఎత్తారు.

"చాల్లేదు తల్లీ."

"ఏం చాల్లేదు?"

"మొండి. నాలుగు గుంటల్లో తలా బొట్టు వేసేసరికి ట్యూబు ఖాళీ. ఇంకోటి పంపు."

కిటికీ చట్రం పట్టుకున్నాను. పట్టుకోకపోతే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

"బఫరు కలిపారా?"

"కలపమన్నావా?"

"పొద్దున చెప్పాను కదా సార్! ఉన్నది ఉన్నట్టు పంపుతున్నా, లోపల కలుపుకోండి అని. మీరు సరే సరే అన్నారు!"

"నేను అందరితోనూ అంటాను తల్లీ, దాన్ని పట్టుకుంటే ఎలా? ఇప్పుడు అడిగానా లేదా? అడిగితే నువ్వేమన్నావు? వెయ్యి అన్నావు. వేశాను."

"వెయ్యి అంటే అంకె సార్! పది వందలు!"

"అంకె అయితే అంకెలా చెప్పాలి మరి."

"అంకెను అంకెలా కాక ఎలా చెప్పానండీ?"

"వెయ్యమన్నట్టు చెప్పావు. గట్టిగా కూడా చెప్పావు. రెండుసార్లు చెప్పావు."

నిజమే, రెండుసార్లు చెప్పాను. అదే ఇంకా ఒళ్ళు మండించింది. ఎన్నేళ్ళుగా ఇద్దరం ఈ మాటతోనే పని చేస్తున్నాం. ఒకటికి పది, ఒకటికి వంద, ఒకటికి వెయ్యి. తొందరలో 'ఒకటికి' ఎగిరిపోతూ ఉంటుంది. ఏ రోజూ ఏమీ కాలేదు. అయ్యేది ఈ రోజే అయింది.

మా అరుపులకు మేడం తన గదిలోంచి వచ్చారు. "ఏమిటీ గొడవ? మెట్ల దాకా వినిపిస్తోంది."

చెప్పాను. పెట్టెలోంచి ఆయన కూడా చెప్పారు. ఇద్దరం ఒకేసారి చెప్పాం. మేడం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇకమీదట సహస్రం అనండి" అన్నారు.

"మేడం!"

"మరేం చేయమంటావ్ అమ్మాయ్? కణాలు లేవు. ట్యూబు లేదు. రేపు గది మూసి పొగ పెట్టి, గాలి జల్లెళ్ళు మార్చి, మళ్ళీ తెరిచేసరికి నీ గడువు దాటిపోతుంది. బాతును వదిలెయ్. మిగతా అధ్యాయాలతో పట్టా వస్తుంది, నేను హామీ."

పట్టా వస్తుంది. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే. అందులో ఏముందో ఎవరూ అడగరు, ఎప్పుడొస్తుందనే అడుగుతారు. వచ్చిందంటే చాలు. కానీ బాతు లేని నా వ్యాసంలో ఉన్నదంతా అందరికీ ముందే తెలిసిందే. దాన్ని పట్టుకుని ఇంటికి వెళ్ళాలా?

"మేడం, అది పోలేదు" అన్నాను. "నాలుగు గుంటల్లో ఉంది."

"గుంటల్లో ఉంటే?"

"అంతా గుంటకు అంటుకోదు కదా. అంటుకోకుండా మిగిలిందాన్ని బఫరుతో తీసుకోవచ్చు."

"బయటికి తెస్తావా? ఆ గదిలోంచి ఏది రావాలన్నా ఆవిరి పెట్టెలో ఉడికి రావాలి. మొండి కూడా ఉడుకుతుంది."

"బయటికి వద్దు మేడం. అక్కడే వాడదాం. ఇప్పుడే."

"ఎంత ఉందో తెలియనిదాన్ని ఎలా వాడతావ్? పరీక్షకులు మొదట అడిగేదే అది."

"నాలుగు గుంటలూ మొదటి వరసలోవి. ఆ వరసంతా పాత వైరస్ పూతే. ఇంకా ఎనిమిది ఖాళీగా ఉన్నాయి. తీసినదాన్ని ఒక్కో గుంటకీ సగానికి సగం పలచన చేస్తూ ఆ ఎనిమిదింట్లో వేస్తే ఎక్కడిదాకా నీలం వస్తుందో చూడొచ్చు. పాతదాని మీద మొండి బలమెంతో నా దగ్గర ముందునుంచీ కొలతలున్నాయి. పోల్చుకుంటే ఇప్పుడెంత మిగిలిందో తెలుస్తుంది. దాన్నిబట్టి బాతు వరసకు కలుపుకుంటాం."

మేడం కిటికీ అవతల నిలబడ్డ తెల్ల సూటు వైపు చూశారు. సరేసరే గారు చెయ్యి ఊపారు.

"పోలిక సరైనదే" అన్నారు మేడం. "కానీ చేసేది అతను. చెప్పి చేయించగలవా?"

"చేయిస్తాను."

ఆ మాట అనడం తేలిక. పెట్టె దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"సార్, ముందు ఒక ఒప్పందం. నేను చెప్పింది మీరు మళ్ళీ చెప్పాలి. చెప్పాకే చెయ్యి కదపాలి."

"సరే సరే."

"అది కాదు. నేనన్నది మళ్ళీ చెప్పండి."

"నువ్వన్నది మళ్ళీ చెప్పాలి. చెప్పాకే చెయ్యి కదపాలి. చిన్నపిల్లాడినా నేను?"

"రెండోది. వెయ్యడం అనే మాట ఈ పూటకు బంద్. పోయండి అంటాను, పోశాను అనండి."

"పోశాను అనాలి. సరే. ఇప్పుడు బఫరు వెయ్యనా?"

"సార్!"

"పోయనా, పోయనా!"

మొదటి గుంటలో కాస్త బఫరు పోయించాను. కొలిచి పీల్చే పిపెట్ కొనను గుంట గోడకు తగలనివ్వకుండా మెల్లిగా పైకి లాగించాను. గీకొద్దన్నాను. గీకట్లేదన్నారు. బుడగ వస్తోందన్నాను. నీకెలా తెలుసు, నా వీపు అడ్డం ఉంది కదా అన్నారు. మీ భుజం తొందరపడుతోంది, దాన్నిబట్టి తెలుసన్నాను. తీసినదాన్ని కొత్త ట్యూబులోకి, మళ్ళీ బఫరు, మళ్ళీ అదే. నాలుగు గుంటలు అయ్యేసరికి నా గొంతు బొంగురుపోయింది, ఆయన కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది.

"ఏమీ కనబడట్లేదు తల్లీ."

"తల వంచి కాసేపు కదలకుండా ఉండండి, పోతుంది."

"దాహంగా ఉంది."

"బయటికొస్తే సూటు విప్పి, స్నానం చేసి, మళ్ళీ అన్నీ తొడుక్కుని వెళ్ళాలి. ఈలోగా మొండి ట్యూబు గోడలకు అంటుకుపోతుంది."

"తెలుసులే. ఊరికే చెప్పా. చెప్పుకోవడానికి కూడా లేదా?"

ఎనిమిది గుంటల్లోనూ పోయించి, మూత పెట్టించి, ఆగాం. అక్కడ ఆగడం తప్ప చేసేదేమీ లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మా బావ. అక్క మొగుడు, గుడ్ల హోల్‌సేలు వ్యాపారం.

"మరదలా, ఒక్క మాట చెప్పు. ఉందా, లేదా?"

"ఏది బావా?"

"అదే, పిట్టల జ్వరం. జనం గుడ్డు ముట్టుకోవడం లేదు. మా మరదలు అందులోనే పెద్ద చదువు చదువుతోందని అందరితో చెప్పుకుంటున్నా. రేపు ఏం చెప్పను వాళ్ళకి?"

"బాగా ఉడికించి తినమని చెప్పు. నీ గుడ్ల సంగతి పశువుల డాక్టర్లు చూడాలి. నేను కాదు."

"నీ దగ్గరేదో మొండి ఉందటగా, వైరస్‌ను ఇట్టే పట్టేస్తుందని మీ అక్క చెప్పింది. ఒక ట్రే పంపిస్తా, దాని చేత చూపించు."

"అది పరిశోధనకు మాత్రమే బావా. ఇలాంటివి అమ్మే సీసాల మీద కూడా అదే రాసి ఉంటుంది."

"అంటే నిజం పనికి పనికిరాదన్నమాట."

"అలా కాదు…"

"సర్లే, మీ అమ్మ మాట్లాడుతుందట."

అమ్మ ఫోను తీసుకుంది. "ఏమే, ఇంతకీ అది మందా?"

"కాదమ్మా."

"టీకానా?"

"కాదు. వైరస్‌ను గుర్తుపడుతుంది."

"గుర్తుపట్టి?"

"గుర్తుపట్టి… అంతే. ఎక్కడ మారిందో మనకు తెలుస్తుంది. తెలిస్తేనే రేపు ఎవరైనా టీకా గురించి ఆలోచించగలరు."

"ఆ ఆలోచించేవాళ్ళ పక్కన చేరొచ్చు కదే నువ్వు" అంది అమ్మ. పాపం నిజంగానే అంది. నవ్వాలో ఏడవాలో తెలియక, పనుందని పెట్టేశాను. నా పనేమిటో మా ఇంట్లో ఒక్కరికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. ఎదురుగా గాజు అవతల ఉన్న, ఇదే చదువు చదివిన మనిషికి ఒక్క అంకె చెప్పలేకపోయాను. ఇక ఇంట్లోవాళ్ళను ఏమనాలి?

కడిగించి రంగు మందు పోయించాక, ఎనిమిది గుంటల్లో ముదురు నీలం నుంచి మెల్లగా పలచబడుతూ రంగు దిగింది. పాత కొలతల పక్కన పెట్టి చూశాను. దాదాపు అంతా పోయింది. మిగిలిన కాస్తతో బాతుకీ, కోడికీ, కొంగకీ, పాతదాని ఇంకో వరసకీ సరిపోతుంది. ఇంకోసారికి మాత్రం సరిపోదు. మేడానికి చూపిస్తే లెక్కను ఆవిడ కూడా చేసి చూసుకుని తల ఊపారు. ఎంత కలపాలో అంకె అంకెగా విడగొట్టి చెప్పాను. సరేసరే గారు ఒక్కో అంకె మళ్ళీ చెప్పి, ఆ తర్వాతే పిపెట్ తిప్పారు. ఒకచోట ఆయనే ఆగి, "ఆఖరు అంకె సున్నానా, మూడా? పెట్టె గరగరమంది" అని అడిగారు. ఆయన అలా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

కడగడం దగ్గర మళ్ళీ మొదలైంది. సరిగ్గా కడగకపోతే పట్టుకోని మొండి కూడా గుంటలో మిగిలి లేత నీలం తెస్తుంది.

"సార్, రెండోసారి చేసినప్పుడు బాతు వరసను ఎన్నిసార్లు కడిగారు?"

"సరిపోయినన్నిసార్లు."

"అంటే ఎన్ని?"

"ఇప్పుడా అడిగేది? రాసే ఉంటాను."

"రాయలేదు. చూశాను."

"ఈసారి నువ్వు లెక్కపెట్టు" అన్నారు. లెక్కపెట్టాను. ప్రతిసారీ ఆయన చెయ్యి పైకెత్తి చూపించారు.

రంగు మందు పోశాక గాజుకు ముక్కు ఆనించి చూస్తున్నాను. పాతది ముందు నీలం అయింది. కోడి అయింది. కొంగ కొంచెం ఆలస్యంగా అయింది. సరేసరే గారు ప్లేటు మీద ఒలకకుండా జిగురు పొర అతికించి, ఎత్తి కిటికీకి ఆనించారు, తలకిందులుగా. తిప్పమన్నాను. తిప్పారు, ఇప్పుడు కుడి ఎడమలు మారాయి.

"అలాగే ఉంచండి. బాతు ఏ వైపు?"

"నా చిటికెన వేలు దగ్గర."

చిటికెన వేలు దగ్గర వరసంతా తెల్లగా ఉంది. తెల్లగా అంటే మంచినీళ్ళంత తెల్లగా. కళ్ళను నమ్మకుండా యంత్రంలో పెట్టించాను. అది ఇచ్చిన అంకెలు కూడా ఖాళీ గుంటల అంకెలకు ఇంచుమించు సమానం. మొండి బాతును గుర్తుపట్టలేదు.

మేడం అంకెలు చూసి, "రెండుసార్లు తెలుపు, ఒకసారి లేత నీలం. మూడూ రాయి. లేత నీలాన్ని దాచకు" అన్నారు. దాచే ఉద్దేశం నాకు లేదు. ఆ మాట చెప్పేలోపే ఆవిడ తన గదిలోకి వెళ్ళిపోయారు.

మిగిలిన మొండి ప్లేటుతో పాటు ఆవిరి పెట్టెలోకి వెళ్ళింది. పెట్టె మీద ముల్లు మెల్లగా ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. స్నానం చేసి సరేసరే గారు బయటికొచ్చారు. ముక్కు మీద, బుగ్గల మీద మాస్కు ఒరిపిడికి ఎర్రటి గీతలు. నీళ్ళ సీసా అందిస్తే సగం ఒక్క గుక్కలో తాగేశారు.

"అయినా నువ్వు ముందే ఒకటికి వెయ్యి అని ఉంటే…"

"మీరు పొద్దున వినుంటే…"

ఆ రోజు ఇద్దరం అక్కడితో ఆపలేదు. మెట్లు దిగేదాకా వాదించుకున్నాం.

అధ్యాయం రాయడానికి కూర్చున్నప్పుడు అసలు చిక్కు వచ్చింది. పద్ధతి అనే భాగంలో ఏం చేశామో చెప్పాలి. సరేసరే గారు నా బల్ల దగ్గర కుర్చీ వేసుకున్నారు.

"'సాంకేతిక కారణాల వల్ల' అని రాసెయ్ తల్లీ. అందరూ అదే రాస్తారు."

"సాంకేతిక కారణం అంటే నోరా సార్, చెవా?"

"వెటకారాలు తర్వాత. అసలు తిరిగి తీసిన సంగతి ఎందుకు? ఎంత పాళ్ళలో వాడామో అది రాస్తే చాలదూ? బలం కొలిచాం కదా, తప్పేం లేదు కదా?"

"తప్పు లేదు కనకే రాస్తున్నా. కొలిచినందువల్లే అది తప్పు కాలేదు. ఎందుకు కొలిచామో రాయకపోతే చదివేవాళ్ళకి ఆ ఎనిమిది గుంటలు ఎక్కడినుంచి వచ్చినట్టు?"

"నన్ను అందరూ నవ్వుతారు."

"మీ పేరు రాయను. చేశాం అని రాస్తాను. ఇద్దరం చేశాం కదా."

ఆయన కుర్చీ తీయలేదు. నేను రాస్తుంటే పక్కనుంచి చూస్తూ కూర్చున్నారు. ఇలా రాశాను: మూడోసారి యాంటీబాడీని పొరపాటున పలచన చేయకుండా పాత వైరస్ పూసిన నాలుగు గుంటల్లో వేశాం, అంటుకోకుండా మిగిలినదాన్ని బఫరుతో తిరిగి తీసి, అదే ప్లేటులో పాత వైరస్ మీద దాని బలం కొలిచి, ఆ కొలత ప్రకారం పలచన చేసి వాడాం.

"'పొరపాటున' తీసెయ్యకూడదూ?" అన్నారు సరేసరే గారు.

"మరి కావాలని వేశామా?"

నేను బల్ల ముందు నిలబడి ఉండగా మేడం ఆ పేజీ చదివారు. ఆ వాక్యం దగ్గర ఎర్ర కలం ఆగింది.

"పరీక్షకులు ఇక్కడే పట్టుకుంటారు అమ్మాయ్."

"పట్టుకోనివ్వండి మేడం. అడిగితే చెప్తాను. ఆ రోజు ఏం జరిగిందో గుంట గుంటకీ చెప్పగలను."

"నవ్వుతారు."

"నవ్వాక బాతు గురించి అడుగుతారు కదా."

మేడం కలం మూత పెట్టారు. ఆ పేజీని బోర్లా తిప్పి, అయిపోయిన కాగితాల మీద పెట్టారు.

"తర్వాతి పేజీ ఇవ్వు" అన్నారు.